లేవి కుట్టిన వరుస

నేను అబద్ధాలు బాగా చెబుతానని మా ఇంట్లో పేరు. మనవరాళ్లకు నేను చెప్పిన ప్రకారమైతే, శ్రీశైలం డ్యాము తలుపులు మొదటిసారి తెరుచుకోక మొరాయిస్తే భుజం పెట్టి నెట్టింది నేనే. కోడుమూరులో ఒక కరువేడు కాకులు మా చేదబావి దగ్గర వరుసగా నిలబడి, ఒకటి గిలక తిప్పుతుంటే ఒకటి నీళ్లు తాగాయి. కాన్వెంటులో సిస్టర్ల దగ్గర చదివినవాణ్ణి కాబట్టి ఇంగ్లీషులో కూడా అబద్ధం ఆడగలను. ఈ కథలో మాత్రం లెక్కపెట్టదగ్గ నా అబద్ధం ఒక్కటే ఉంది. అది ఆడినప్పుడు నాకు పన్నెండేళ్లు. మిగిలినదంతా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. ఎందుకంటే ఇది లేవి కథ, లేవికి పేజీ అటుదిటైతే నచ్చదు.

లేవి బైండింగు పనివాడు. కర్నూలు కోర్టు ఎదుటి సందులో పదడుగుల గది అతని కొట్టు. యాభై ఏళ్లపాటు ఆ గదిలో ఆఫీసు రిజిస్టర్లు, బడుల హాజరు పట్టీలు, వకీళ్ల లావుపాటి పుస్తకాలు, చర్చి పాటల పుస్తకాలు, వీపు ఊడిపోయిన బైబిళ్లు కుట్టాడు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపిన జిగురు వాసన అతని చొక్కాకు ఆదివారం కూడా వదిలేది కాదు. చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడతాడు గాని మాటగా కూడదీసుకోలేడు. అయినా ఏ భాష పుస్తకమైనా ఒక్క పేజీ ముందువెనకలు కాకుండా కుట్టేవాడు. "నా చేతిమీద పోయిన పుస్తకం తప్పని తిరిగొచ్చిందా? ఒక్కటి సూపీ," అనేవాడు. ఎవరూ చూపించలేకపోయారు.

మా స్నేహం మిషన్ కాంపౌండులో మొదలైంది. వాళ్ల నాయన అక్కడి ప్రెస్సులో పనిచేసేవాడు. మా నాయన తాలూకా కచేరీ గుమాస్తా. మా ఇల్లు కాంపౌండు గోడ పక్కనే, గోడకు నాకు పట్టేంత సందు ఉండేది. ఆ రోజుల్లో అమెరికా నుంచి మిషన్ దొరసానికి పాలపిండి డబ్బాల పెట్టెలు వచ్చేవి. డబ్బాలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో కాగితాలు కుక్కి పంపేవాళ్లు. ఆ కాగితాల్లో బొమ్మల కథల పుస్తకాలు ఉండేవి, అన్నీ అట్టలు చించేసినవే. దొరసాని వాటిని చెత్తకని ప్రెస్సుకు పంపితే, లేవి చొక్కాలో దాచుకుని గోడ దగ్గరకు తెచ్చేవాడు.

వాటిలో పన్నెండు ఒకే కథవి. రాగిరంగు బట్టలేసుకున్న ఒక పొడుగాటి మనిషి అరచేతిలో నిప్పు పట్టుకుని ఆకాశంలో తిరుగుతుంటాడు. ఆరిపోయిన సూర్యుళ్లను వెతికి మళ్లీ ముట్టించడం ఆయన పని. ఆయనకు ఇంగ్లీషులో ఏదో బరువైన పేరుంది. లేవి మాత్రం చుక్కలాయన అన్నాడు, ఆ పేరే ఖాయమైంది. నేను చదివి చెప్పేవాణ్ణి, లేవి నోరు తెరుచుకుని వినేవాడు. మధ్యలో కండలు పెంచే మందు ప్రకటన వస్తే, ఆ కండలవాడు చుక్కలాయన తమ్ముడని, అన్నదమ్ములకు భూమి తగాదా ఉందని చెప్పాను. లేవి చాలా ఏళ్లు నమ్మాడు.

అతనికి పద్నాలుగేళ్లప్పుడు వాళ్ల నాయన మొదటిసారి చేతికి దారం ఇచ్చాడు. లేవి తొలి పనిగా ఆ పన్నెండింటినీ ఒక్క పుస్తకంగా కుట్టాలనుకున్నాడు. అట్టల్లేవు కాబట్టి ఏది ముందో ఏది వెనకో పైకి తెలియదు. బొమ్మలు చూసి వరుస పెట్టుకున్నాడు. కుట్టాక నా దగ్గరికి తెచ్చాడు. అట్టకు నీలం కాలికో గుడ్డ, నాలుగు మూలలా తోలు, చర్చి రిజిస్టరంత గంభీరంగా ఉంది.

తిప్పి చూస్తే నాకు నవ్వొచ్చింది. చుక్కలాయన చనిపోయే కథ చివరిది. ఒక చిన్న లోకానికి సూర్యుడు ఆరిపోతే, అరచేతిలో నిప్పంతా దానికి పోసేసి, తానే చల్లబడిపోతాడు. ఆఖరి బొమ్మ కింద సమాప్తమని ఇంగ్లీషులో పెద్దక్షరాలున్నాయి. లేవి దాన్ని తీసుకుపోయి ఎనిమిదో కథగా పెట్టాడు. దాని తర్వాత చుక్కలాయన బతికి తిరుగుతున్న కథలు నాలుగు.

"ఒరే లేవీ, సచ్చిపోయేది నడిమధ్యలో పెట్టినావేందిరా?"

"మరి యాడ పెట్టల్ల?"

"కడాకు."

లేవి నన్ను జాలిగా చూశాడు. "నువ్వు కాన్వెంటులో ఏం సదువుతాండావురా? నాలుగు సువార్తల్లో యాడన్నా సూడు. ఆయన సచ్చిపోయినాక పేజీలుండాయా లేదా? శుక్రవారం అయిపోతానే పుస్తకం మూసేస్తారా ఎవురన్నా?"

నిజం చెప్పొచ్చు. ప్రతి కథ మొదటి పేజీ అడుగున చీమంత అక్షరాల్లో సంఖ్య ఉంది, చూపించొచ్చు. చూపించకపోతే ఇంకా తమాషాగా ఉంటుందనిపించింది.

"ఇంగ్లీషులో కింద ఏమని రాసినాది?" అని అడిగాడు లేవి.

"ఈ వారానికి అయిపోయిందని," అన్నాను.

"మరి మళ్లీ ఎట్ల లేసినాడు? దానికి బొమ్మల్లేవే."

ఆ వేళ మా అమ్మ పక్కింటికి పోయి పిడక మీద నిప్పు అడిగి తెచ్చుకుని పొయ్యి ముట్టించింది. నా అబద్ధం అక్కడి నుంచి వచ్చింది. చుక్కలాయన ఇచ్చిన నిప్పుతో ఆ చిన్న లోకంలో ప్రతి ఇంట్లో పొయ్యి వెలిగిందని, ఆయన చల్లబడి పడి ఉన్నాడని తెలిసి ఇంటికొక ఆడమనిషి పిడక మీద ఇంత నిప్పు తెచ్చి ఆయన అరచేతిలో పెట్టిందని, అరచెయ్యి నిండేసరికి ఆయన లేచి కూచున్నాడని చెప్పాను. లేవి కళ్లు తుడుచుకున్నాడు. మర్నాడు కుట్లు విప్పి, ఎనిమిదో కథకూ తొమ్మిదో కథకూ మధ్య ఒక తెల్లకాగితం చేర్చి మళ్లీ కుట్టాడు. బొమ్మల్లేని కథకు చోటన్నాడు.

లేవికి కోయిలకుంట్ల నుంచి కృపమణిని చేసుకొచ్చారు. చాలా ఏళ్లకు ఒక్క ఆడపిల్ల పుట్టింది, మహిమ. సాయంత్రం కొట్టు మూసి రాగానే ఆ పిల్ల నీలం పుస్తకం మోసుకొచ్చి తండ్రి ఒళ్లో కూచునేది. తెల్లకాగితం దగ్గరకు రాగానే కళ్లు మూసుకునేది. అక్కడ లేవి కథ చెప్పాలి. నేను రెండు ముక్కల్లో చెప్పింది అతని నోట్లో పెరిగి పెద్దదైంది. నిప్పు తెచ్చినవాళ్లకు పేర్లు వచ్చాయి. ముందు వీధి చివరింటి సిద్దమ్మ తెచ్చింది. తర్వాత కృపమణి గరిటెలో తెచ్చింది. ఎదురింటి ముసలామె చుట్ట చివర ఉన్న నిప్పే తెచ్చింది. ఆఖరున అరచెయ్యి నిండడానికి ఒక్క రవ్వ తక్కువైతే మహిమ తెచ్చింది. నేను గుమ్మంలో కూచుని వినేవాణ్ణి. ఇంతమందికి కథలు చెప్పిన నాకు అంత బాగా చెప్పడం రాదు.

మహిమకు తొమ్మిదేళ్లప్పుడు ఒకరోజు మా ఇంటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. తను ఇంగ్లీషు బడిలో చదువుతోంది.

"చిన్నాయనా, చుక్కలాయన సచ్చిపోయిన కాడ అయిపోయిందని రాసినాది కదా. సన్నక్షరాల్లో పన్నెండని గూడా ఉండాది. నాయన తప్పు కుట్టినాడు."

నేను మొదటిసారి ఒక చిన్నపిల్ల ముందు దొరికిపోయాను. ఏదో ఒకటి కల్పించబోయాను గాని ఆ కళ్లముందు కుదరలేదు. "అవునమ్మా. మీ నాయనకు చెప్పినావా?"

"చెప్పల్యా." కాసేపు నేలమీద కాలివేలితో గీసింది. "చెప్తే మళ్లీ ఆ కథ చెప్పడు కదా?"

"చెప్పడు."

"అయితే నువ్వు గూడా చెప్పొద్దు."

ఇద్దరం చేతిలో చెయ్యేసుకున్నాం. ఆ సాయంత్రం తను మళ్లీ తండ్రి ఒళ్లో కూచుని కళ్లు మూసుకుంది. లేవి మాత్రం, బిడ్డ పసితనంలో బొమ్మలే చూసిందని, పెద్దయ్యాక ఆ పుస్తకం జోలికే పోలేదని అనుకున్నాడు.

మహిమ నర్సు అయింది. కోయిలకుంట్లలో ఒక చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం. పెళ్లి కుదరలేదు, తర్వాత తనే వద్దనుకుంది. రెండువేల తొమ్మిదిలో తుంగభద్ర కర్నూలు మీద పడినప్పుడు లేవి ఇల్లు పైకప్పుదాకా మునిగింది. నీళ్లు తీశాక నీలం పుస్తకం బురదలో ముద్దగా దొరికింది. మూడు రోజులు ఎండలో పెట్టినా పేజీ విడలేదు. తర్వాత పనీ పోయింది. అందరూ జెరాక్సు షాపుల్లో కాగితాలకు ప్లాస్టిక్ స్పైరల్ చుట్టలు వేయించుకుంటున్నారు. "అది బైండింగా? జడకు రిబ్బనన్నా గట్టిగా ఉంటాది," అని లేవి కొట్టు మూసేశాడు.

పోయిన ఏడు మహిమకు కడుపులో గడ్డ అని తెలిసింది. నర్సు కాబట్టి తన సంగతి డాక్టర్లకంటే ముందే తనకు తెలిసింది. హైదరాబాదు తీసుకుపోయారు, తీసుకొచ్చారు. ఇక ఇంట్లో ఉంచుకోమన్నారు. నలభై ఒక్కేళ్ల మనిషి మంచంలో పదేళ్ల పిల్లంత అయింది. ఒకరోజు నేను పోయేసరికి లేవి మంచం పక్కన కూచుని ఉన్నాడు.

"నాయనా, చుక్కలాయన పుస్తకం ఉండింటే బాగుండు," అంది మహిమ. "ఒకసారి చూడాలనిపిస్తాంది."

లేవి నా వైపు చూశాడు. నేను ఇంటికి పోయి నా మనవరాలు మధులతకు సంగతి చెప్పాను. అది ఫోనులో పది నిమిషాలు వెతికి, ఆ పన్నెండు కథలనూ అమెరికావాళ్లు కొత్తగా ఒకే సంపుటిగా వేశారని, తెప్పిస్తే వస్తుందని చెప్పింది. నమ్మలేకపోయాను. నేను ఆడే అబద్ధంలాగే ఉంది.

తొమ్మిదో రోజున పెట్టె వచ్చింది. తెచ్చి లేవి ఇంటి వసారాలో విప్పాను. మెరిసే కాగితం, రంగులు కళ్లల్లో గుచ్చుకుంటున్నాయి. కండలవాడి ప్రకటన లేదు. వాసన లేదు. లేవి ముందు బొమ్మలు చూడలేదు, పుస్తకం వీపు విరిచి చూశాడు.

"దారం లేదప్పా దీనికి. ఉత్త జిగురు." తర్వాత మెల్లగా తిప్పాడు. ఎనిమిదో కథ దగ్గర ఆగాడు. వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. అలాగే చివరిదాకా పోయి, చుక్కలాయన చల్లబడిన బొమ్మ దగ్గర వేలు పెట్టాడు. "ఇంత పెద్ద కంపెనీ వాళ్లు తప్పు కుట్టినారే! సచ్చిపోయేది కడాకు పోయింది సూడు."

అరవై ఏళ్ల తర్వాత నా అబద్ధం మళ్లీ నా ముందుకు వచ్చింది. లోపల మహిమ దగ్గు వినిపిస్తోంది.

"వాళ్లది తప్పు కాదు లేవీ."

"మరి?"

"వరుస అదే. ఆయన కడాకు సచ్చిపోతాడు. అంతటితో అయిపాయ."

లేవి బొమ్మ మీద వేలు తీయలేదు. "మళ్లీ లేయడా?"

"లేయడు."

"ఇంటింటికీ నిప్పు తెచ్చింది?"

"నేను కల్పించినా."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. పుస్తకం మూసి లోపలి గది వైపు చూశాడు. "బిడ్డకు చెప్పినా, పుస్తకం వస్తాందని. పొద్దున్నించి రెండుసార్లు అడిగినాది. అది ఇంగ్లీషు సదువుతాది ఓబులేసూ. కడాకు పోయి ఇది సూస్తే..." లేచి నిలబడ్డాడు. "ఇస్త్రీపెట్టె తెస్తా. ఉండు."

"ఏంటికి?"

"జిగురు కరగాల కదా."

మహిమకు తొమ్మిదేళ్లప్పుడే తెలుసని అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. లేవి అప్పటికే లోపలికి పోయి, అటక మీదున్న డబ్బనం, దారపు ఉండ, కాలికో ముక్క దించమని కృపమణిని కేకేస్తున్నాడు. ఎన్నో నెలలుగా ఆ చేతులు మంచం పట్టె మీద ఊరికే పడి ఉన్నాయి. చెప్పలేకపోయాను.

వీపు మీద వేడి ఇస్త్రీ పెట్టి, జిగురు కరిగించి, కొత్త పుస్తకాన్ని పేజీ పేజీగా విడదీశాడు. పన్నెండో కథను తీసి ఎనిమిదో చోటికి తెచ్చాడు. ఒకచోట ఒకే కాగితానికి ఈ పక్క పదకొండో కథ చివర, ఆ పక్క పన్నెండో కథ మొదలు ఉంది. నేను జెరాక్సు షాపుకు పోయి దానికి రంగు కాపీ తీయించుకొచ్చాను. అడుగంచున పేజీల అంకెలున్నాయి. ప్రెస్సు నాగరాజ్ దగ్గర కటింగు మిషను మీద ఆ అంచు కోయించాం. సమాప్తమన్న మాట మీద, ఆ బొమ్మలో ఆకాశం ఉన్న రంగుదే సన్నటి ముక్క కోసి అతికించాడు. సూదిలో దారం నేను ఎక్కించాను. రెండుసార్లు డబ్బనం లేవి బొటనవేలిలో దిగింది. పేజీలకు రక్తం అంటకుండా నోట్లో పెట్టుకుని మళ్లీ కుట్టాడు. మధ్యలో తెల్లకాగితం చేర్చాడు.

అట్టలు అంటించి ప్రెస్సు చెక్కల మధ్య బిగించాడు. జిగురు ఆరడానికి రెండు రోజులు. ఆ రెండు రోజుల లెక్కలో జడ్జీగారు మనిషిని పంపినా లేవి బిగింపు వదిలేవాడు కాడు.

మర్నాడు పొద్దున కృపమణి వసారాలోకి వచ్చింది. "పాప నీళ్లు గూడా మింగలేకుండా ఉండాది. ఏమన్నా ఇచ్చేదుంటే ఇచ్చేయండి."

"తడి అట్ట తీస్తే వంకర పోతాది," అన్నాడు లేవి. చెయ్యి అప్పటికే బిగింపు మర మీద ఉంది. తిప్పాడు.

పుస్తకం బయటికి రాగానే పై అట్ట కొంచెం లేచింది. దాన్నలాగే పట్టుకుపోయి మహిమ పొట్టకు ఆనించి పెట్టి, పేజీలు తనే తిప్పాడు. మహిమ ఒక్కొక్క బొమ్మా చూసింది. ఎనిమిదో కథ ఆఖరి బొమ్మ వచ్చింది. మహిమ వేలు దాని మీద పాకి, అతికించిన ముక్క అంచు దగ్గర ఒక్క క్షణం ఆగింది. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. వేలు తీసేసింది.

"నాయనా, తెల్లకాగితం వచ్చినాది," అని కళ్లు మూసుకుంది. "చెప్పు."

లేవి చెప్పాడు. అబద్ధమని ఇప్పుడు తెలిసీ చెప్పాడు. సిద్దమ్మ తెచ్చింది. చచ్చిపోయి ఇరవై ఏళ్లైన ఎదురింటి ముసలామె చుట్ట చివరి నిప్పు తెచ్చింది. కృపమణి గరిటెతో తెచ్చింది.

"నేను తెచ్చినానా?" అంది మహిమ కళ్లు తెరవకుండా.

"నువ్వు తేకపోతే నిండేదా అమ్మా?"

మూడో రోజు పొద్దున, కృపమణి తల దువ్వుతుండగా మహిమ పోయింది. మిషన్ సమాధుల తోటలో పెట్టాం. పునరుత్థానం గురించి పాస్టరు గారు బాగానే మాట్లాడారు. లేవి వింటున్నట్టు లేడు.

మహిమ జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూడిక అయిపోయి, వచ్చినవాళ్లంతా టీలు తాగి వెళ్లిపోయాక, కుర్చీలు మడిచిపెడుతూ నన్ను ఆపాడు. వారం రోజుల్లో మనిషి నల్లబడ్డాడు.

"ఓబులేసప్పా, నాకు నిద్ర పట్టడంలేదు. సచ్చేబిడ్డను మోసం చేసినా. అంకెలు కోసి, అక్షరాలు మూసి, దొంగపుస్తకం చేతికిచ్చినా. యాభై ఏండ్లల్లో ఎవురికీ అట్ల చేయల్యా. కడాకు నా బిడ్డకే చేసినా. దేవుని ముందర ఏమని చెప్పల్ల?"

ఆ బరువు దించగలిగిన మాట నా దగ్గరే ఉంది. నిజమైన మాట. నిజం మేలు చేస్తుందని సిస్టర్లు బెత్తం పట్టుకుని నేర్పించారు కదా.

"నువ్వు మోసం చేయలేదు లేవీ. పాపకు తెలుసు. తొమ్మిదేండ్లప్పుడే చదువుకునింది. నాయనకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకునింది. నువ్వు చెప్పే కథ పోతాదని."

లేవి చేతిలో కుర్చీ సగం మడిచి ఉంది.

"తొమ్మిదేండ్లప్పుడా?"

"అవును."

"అంటే నేను అన్నేండ్లు చెప్తాంటే... మీకిద్దరికీ తెలుసు."

"మేం నవ్వలేదప్పా. ఒక్కసారి గూడా నవ్వలేదు."

"నువ్వు నాకు ఇంగ్లీషు రాదని ఆడుకున్నావు, సరే. చిన్నప్పటి మాట. నా బిడ్డ గూడా నా ఒళ్లో కూచుని నాకోసం కళ్లు మూసుకుంటాండిందా?" కుర్చీ గోడకు ఆనించాడు. "మొన్న గూడానా?"

నేను ఇంకో కుర్చీ తీసి మడవసాగాను.

"ఆ పొద్దు దానికి కూచోను గూడా శక్తి లేదు ఓబులేసూ," అన్నాడు లేవి. "నేను బాధపడతానని ఆ మాటొకటి అడిగింది. నేను తెచ్చినానా అని." లోపలికి పోయి తలుపు దగ్గరకు వేసుకున్నాడు.

ఇది జరిగి నాలుగు నెలలైంది. రోజూ సాయంత్రం వాళ్లింటికి పోతాను. కృపమణి, "రా అన్నా," అని వసారాలో స్టూలు వేస్తుంది. కిటికీలోంచి లేవి వీపు కనిపిస్తుంది, మహిమ పడుకున్న మంచం మీద గోడవైపు తిరిగి కూచుని ఉంటాడు. నేను వచ్చినట్టు అతనికి తెలుసు. నా దగ్గును అరవై ఏళ్లుగా వింటున్నాడు. నిన్న కృపమణి టీ ఇచ్చి, "లోపలికి పోయి మాట్లాడన్నా, ఏదో ఒకటి చెప్పు, నీకు రాని మాటలా," అంది. గుమ్మం దాకా పోయాను. ఆ పొద్దు మహిమ కథ తనకోసమే అడిగిందని చెబితే అబద్ధమనుకుంటాడు, లేదా నిజమనుకుంటాడు. ఏది నయమో తేల్చుకోలేక మళ్లీ స్టూలు మీదికే వచ్చి కూచున్నాను.